కౌంటర్ దగ్గర అడిగిందే సిలబస్: లైబ్రరీ సిబ్బంది టెక్నాలజీ చిట్కాలు నేర్చుకుని, పంచుకునే పద్ధతి

ప్రతి లైబ్రరీలోనూ ‘కంప్యూటర్ తెలిసినవాళ్లు’ ఒకరుంటారు. ప్రింటర్ మొరాయించినా వాళ్లనే పిలవాలి, తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించినా వాళ్లనే పిలవాలి. ఆ మనిషి సెలవు పెట్టిన రోజు కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒకటే: ‘‘సార్ లేరు, రేపు రండి.’’ హాల్‌టికెట్ ప్రింటు కోసం వచ్చిన కుర్రాడికి పరీక్ష కూడా రేపే.

దీనికి మందు పెద్ద శిక్షణ తరగతులని నేననుకోను. అవి జరుగుతూనే ఉంటాయి. పొద్దున్నుంచీ ప్రొజెక్టర్ మీద స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. తిరిగొచ్చి కౌంటర్‌లో కూర్చుంటే మళ్లీ అదే ప్రశ్న: ‘‘పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతోందండీ, ఏం కొట్టాలి?’’ ఇలాంటి వాటికి జవాబులు మీ సిబ్బందిలోనే తలా ఒకరి దగ్గర ఉంటాయి. వాటిని పోగుచేసి, సరిచూసి, రాసిపెట్టి, అందరి చేతికీ అందేలా చేయాలి. పదిమంది పనిచేసే జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ, ఒక్కరే నెట్టుకొచ్చే శాఖా గ్రంథాలయంలోనూ ఇది చేయవచ్చు.

మొదటి పని: ప్రశ్నలు పోగు చేయండి

కౌంటర్ మీద ఒక పొడుగు నోటు పుస్తకం పెట్టండి. రెండు వారాలపాటు పాఠకులు కంప్యూటర్ గురించి, ఫోన్ గురించి అడిగిన ప్రతిదీ అందులో ఒక్కో వరుసలో రాయండి. ఏమడిగారు, మనం చేయగలిగామా లేదా, చేస్తే ఎవరు చేశారు. అంతకు మించి అక్కర్లేదు. పాఠకుడి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు పొరపాటున కూడా రాయకండి.

ఒక నియమం మాత్రం పాటించండి. పాఠకుడు ఎలా అడిగితే అలాగే రాయాలి. ‘‘ఫొటో ఎక్కట్లేదు, సైజు ఎక్కువుందంటోంది’’ అని అడిగితే దాన్ని ‘చిత్ర పరిమాణ సమస్య’ అని సంస్కరించొద్దు. రేపు కార్డు వెతుక్కునేది ఆ మాటతోనే. విషయసూచిక తయారుచేసేటప్పుడు పాఠకుడు వాడే మాటనే శీర్షికగా పెట్టమని మనకు లైబ్రరీ సైన్స్ చదువులో నేర్పింది ఇదే.

సిబ్బంది సొంత ప్రశ్నలూ అదే పుస్తకంలో రాయాలి. అటెండర్ అడిగినా, లైబ్రేరియన్ అడిగినా. నిజం చెప్పాలంటే పైవాళ్ల ప్రశ్నలే ముందు రాయించాలి. ‘‘ఎక్సెల్‌లో సున్నాలు ఎందుకు మాయమవుతున్నాయి?’’ అని లైబ్రేరియన్ గారే రాస్తే, మిగతావాళ్లకు అడగడానికి మొహమాటం పోతుంది.

రెండు వారాలయ్యాక పుస్తకం తిరగేస్తే మూడు నాలుగు ప్రశ్నలే పదే పదే కనిపిస్తాయి. హాల్‌టికెట్ ప్రింటు, ఫొటో సైజు తగ్గించడం, ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్, తెలుగులో టైపు చేయడం. మొదలుపెట్టాల్సింది అక్కడే. కృత్రిమ మేధ గురించి పేపర్లో ఏం వచ్చిందన్నది తర్వాత చూసుకోవచ్చు.

రెండో పని: వారానికి ఒక్కటి, పది నిమిషాలు

సమయం లేదన్నది నిజమే. అందుకే పది నిమిషాలు. పొద్దున తలుపులు తీసి, దినపత్రికలు బల్లల మీద సర్ది, పాఠకులు కుదురుకున్న తర్వాత కాస్త తెరిపి ఉంటుంది. వారంలో ఒక రోజు ఆ పది నిమిషాలు కేటాయించండి. ఒక్క చిట్కా, ఒక్క కంప్యూటర్, చుట్టూ నలుగురు. రెండో చిట్కా మొదలుపెట్టకండి. ఆసక్తి ఉన్నవాళ్లకు మరో వారం ఉంది.

నేర్పే పద్ధతిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి. తెలిసినవాళ్లు చేతులు కట్టుకుని నోటితోనే చెప్పాలి. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. ఎదుటివాళ్లు బాణం గుర్తును తెరంతా తిప్పుతుంటే ‘‘ఇటివ్వండి, నేను చేస్తా’’ అని చేయి దానంతటదే ముందుకు వస్తుంది. ఆ మౌస్ లాక్కున్న క్షణానే నేర్పడం ఆగిపోతుంది. ఈత నేర్పేవాడు గట్టు మీద తాను ఈదినట్టు చూపిస్తే ఎవరికీ ఈత రాదు.

చిట్కా నేర్చుకున్నవాళ్లు ఆ వారంలోనే మరొకరికి నేర్పాలి. సాయంత్రం పూట డ్యూటీకి వచ్చే సహోద్యోగికైనా సరే, తరచూ వచ్చే పాఠకుడికైనా సరే. నేర్పబోతే గానీ మనకు ఎక్కడ అర్థం కాలేదో తెలియదు.

ఎవరు నేర్పాలన్నది కూడా చెప్పుకోవాలి. మన ఆఫీసుల్లో పైనుంచి కిందికే చదువు వస్తుందని ఒక నమ్మకం. ఫోన్ విషయంలో చాలాచోట్ల అది తలకిందులు. నోటితో మాట్లాడి తెలుగు టైపు చేయడం, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలోంచి అక్షరాలు తీసుకోవడం పార్ట్‌టైమ్ వర్కర్‌కో, అటెండర్‌కో వెన్నతో పెట్టిన విద్య అయి ఉండవచ్చు. వాళ్లను కూర్చోబెట్టి నేర్పించుకోండి. ఆ రోజు కుర్చీ వాళ్లదే.

లైబ్రరీ లోకంలో ఈ దారి ముందే వేసినవాళ్లున్నారు. అమెరికాలో నార్త్ కరొలినా రాష్ట్రంలోని షార్లెట్ నగర ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ అనే అధికారి 2006లో ‘23 థింగ్స్’ అనే కార్యక్రమం పెట్టారు. సిబ్బంది 23 చిన్న పనులు తమ వీలునుబట్టి తామే చేసి చూసి నేర్చుకోవాలి. పూర్తిచేసినవాళ్లకు బహుమతిగా ఎంపీ3 ప్లేయర్. ఎన్నో దేశాల లైబ్రరీలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుని వాడుకున్నాయి. పనిని ముక్కలు చేయడం, ఆటలా చేయనివ్వడం మనం తీసుకోదగినవి. కానీ అప్పటి జాబితాలోని వెబ్‌సైట్లలో కొన్నింటి పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేవు. ఆ ఎంపీ3 ప్లేయర్ సంగతీ అంతే. చిట్కాకు ఆయుష్షు ఉంటుంది, దాన్ని లెక్కలో పెట్టుకోవాలి. ఆ మాటకు మళ్లీ వస్తాను.

మూడో పని: కార్డు రాయండి

నోటి మాట నిలవదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం మధ్యాహ్నానికి శుభోదయం పూలబొమ్మల కింద పడిపోతుంది. అందుకే కార్డు.

మీ లైబ్రరీలో పాత కేటలాగ్ కార్డుల డ్రాయర్ ఇంకా ఉంటే దాన్ని పారేయకండి. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు ఉండే ఆ కార్డు చిట్కా రాయడానికి సరిగ్గా సరిపోతుంది. ఆ కార్డులో పట్టలేదంటే అది ఒక చిట్కా కాదు, రెండు. విడగొట్టండి. పైన పాఠకుడి మాటల్లో ప్రశ్న, కింద అయిదారు మెట్లు, అడుగున ఎవరు సరిచూశారు, ఏ తేదీన, ఏ కంప్యూటర్ మీద. అకారాది క్రమంలో డ్రాయర్‌లో పెట్టేయండి. కరెంటు పోయినా కార్డు పనిచేస్తుంది. డ్రాయర్ లేనిచోట అట్టపెట్టె చాలు.

ఒక నమూనా కార్డు చూడండి.

ప్రశ్న: ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతోంది.
మెట్టు 1: ఆధార్‌లో ఇంగ్లీషులో ఉన్న పేరు చూడండి. మొదటి నాలుగు అక్షరాలు పెద్ద అక్షరాల్లో (క్యాపిటల్స్) కొట్టాలి.
మెట్టు 2: వెంటనే, మధ్యలో ఖాళీ లేకుండా, పుట్టిన సంవత్సరం నాలుగు అంకెలు.
మెట్టు 3: పేరు మధ్య ఖాళీ లెక్కలోకి రాదు. సాయి కుమార్, 1990 అయితే ఎస్, ఏ, ఐ, కే, 1990.
మెట్టు 4: ఇంటిపేరు పొడి అక్షరం తర్వాత చుక్క ఉంటే ఆ చుక్క లెక్కలోకి వస్తుంది. పి. కుమార్ అయితే పి, చుక్క, కే, యూ, 1990.
మెట్టు 5: టైపు చేసేది పాఠకుడే.

నాలుగో మెట్టు చూశారా? మనవాళ్లలో ఎంతోమందికి పేరు ముందు పొడి అక్షరం ఉంటుంది. ‘‘కరెక్టుగానే కొడుతున్నానండీ, తెరుచుకోవట్లేదు’’ అన్నవాళ్లలో చాలామందిని ఆపేది ఆ చుక్కే. కార్డుకు విలువ తెచ్చేవి ఇలాంటి మెలికలే.

కార్డు రాసినవాళ్లు దాన్ని పరీక్షించకూడదు. ఆ పని అస్సలు తెలియని మనిషికి కార్డు ఇచ్చి, మీరు మాట్లాడకుండా పక్కన నిలబడండి. వాళ్లు ఆగిన చోటల్లా కార్డులో ఒక మాట తక్కువైందని అర్థం. తెర ఫొటో అంటించాలనుకుంటే విండోస్ బొమ్మ ఉన్న కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కండి. తెరలో కావలసినంత మేరే కత్తిరించుకోవచ్చు. పాఠకుల వివరాలేవీ అందులో పడకుండా చూసుకోండి.

మొదటి డ్రాయర్‌లో ఏముండాలి

మీ నోటు పుస్తకమే దీనికి సరైన జవాబు. అయినా దాదాపు ప్రతి లైబ్రరీకీ పనికొచ్చేవి కొన్ని చెబుతాను, మీ దగ్గర సరిచూసుకుని కార్డులు చేసుకోండి.

ముందు తెలుగు టైపు. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వాడే అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినది అచ్చుకు బాగుంటుంది గానీ, దాన్ని కాపీ చేసి కేటలాగ్‌లోనో, మెయిల్‌లోనో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం అవుతుంది. వెతికితే దొరకదు. లైబ్రరీ రికార్డు ఏదైనా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే ప్రామాణిక పద్ధతిలోనే, ఉండాలి. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి తెలుగు చేర్చి, కీబోర్డులలో ‘తెలుగు ఫోనెటిక్’ ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొట్టి తెలుగు రాయవచ్చు. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకు అదీ ఉంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే చాలు.

దీనికి అతుక్కునే ఉంది బార్‌కోడ్ స్కానర్ చిక్కు. స్కానర్ పుస్తకం మీది బార్‌కోడ్‌ను చదివి, కీబోర్డు మీద ఎవరో టైపు చేసినట్టుగా కంప్యూటర్‌కు పంపుతుంది. కాబట్టి భాష తెలుగులో ఉండగా స్కాన్ చేస్తే నంబరు ముందున్న అక్షరాలు తెలుగు గజిబిజిగా పడతాయి, సాఫ్ట్‌వేర్ ‘అలాంటి పుస్తకం లేదు’ అంటుంది. స్కానర్ పాడైందని మెకానిక్‌కు ఫోన్ చేసేముందు నోట్‌ప్యాడ్ తెరిచి అందులో ఒక స్కాన్ కొట్టి చూడండి. నంబరు సరిగ్గా పడి, కర్సర్ కింది వరుసకు దిగితే స్కానర్‌కు ఏ రోగమూ లేదు. గజిబిజి పడితే విండోస్ కీ, స్పేస్‌బార్. ఈ ఒక్క కార్డు కౌంటర్ అద్దానికి అంటించి పెట్టుకోదగినది.

తర్వాత కేటలాగ్‌లో తెలుగు వెతకడం. కంప్యూటర్ అక్షరం పోల్చి చూస్తుంది తప్ప అర్థం చూడదు. ‘గ్రంథాలయం’ అని ఒకరు, ‘గ్రంధాలయం’ అని మరొకరు ఎక్కించారనుకోండి, ఒకటి వెతికితే రెండోది రాదు. ‘శ్రీశ్రీ’ అని కలిపి రాసిన రికార్డూ, ‘శ్రీ శ్రీ’ అని విడదీసినదీ, ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అన్నదీ మూడు వేర్వేరు మనుషుల లెక్కన ఉంటాయి. పుస్తకం లేదని పాఠకుణ్ని పంపేముందు మాటలో ఒక చిన్న ముక్కతో, ఇంటిపేరుతో, రెండు రకాల వర్ణక్రమాలతో వెతకాలి. కొత్తగా ఎక్కించేవాళ్లు ఏ రూపం వాడాలో ఒక పట్టిక రాసుకుని కంప్యూటర్ పక్కన పెట్టుకోవాలి. కోహా, ఈ-గ్రంథాలయ లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడినా, ఉత్త ఎక్సెల్ వాడినా ఈ బాధ తప్పదు.

ఎక్సెల్ అన్నాను కాబట్టి ఆ సున్నాల సంగతి. అక్సెషన్ నంబరు (పుస్తకం లైబ్రరీలో చేరినప్పుడు ఇచ్చే వరుస నంబరు) 00452 అని కొడితే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని 452 చేస్తుంది. పుస్తకం వెనక అట్ట మీద ఉండే, 978తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్ కొడితే మధ్యలో చుక్క, చివర ఈ, ప్లస్ గుర్తులతో కుదించి చూపిస్తుంది. కొట్టకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’గా మార్చాలి. పోయిన సున్నాలు తర్వాత మార్చితే తిరిగి రావు. జాబితాను వేరే సాఫ్ట్‌వేర్‌కు పంపడానికి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా) సేవ్ చేస్తే, రకాల్లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

పోటీ పరీక్షల పిల్లలు అడిగేది ఫొటో సైజు. బ్యాంకు పరీక్షల ఐబీపీఎస్ దరఖాస్తుకు ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య అడుగుతారు. వేరే పరీక్షలకు వేరే లెక్కలుంటాయి, నోటిఫికేషన్ చూడకుండా మొదలుపెట్టకూడదు. కంప్యూటర్‌లో ఉన్న పెయింట్ ప్రోగ్రామే చాలు. ఫొటో తెరిచి, కంట్రోల్, డబ్ల్యూ నొక్కితే రీసైజ్ పెట్టె వస్తుంది. పిక్సెల్స్ ఎంచుకుని వెడల్పు తగ్గించి, జేపీఈజీగా కొత్త పేరుతో సేవ్ చేయాలి. అసలు ఫొటోను చెరపకూడదు. ఇంటర్నెట్‌లో ‘ఉచితంగా కేబీ తగ్గిస్తాం’ అనే సైట్లు బోలెడున్నాయి. ఆడపిల్లల ఫొటోలు, సంతకాలు తెలియని సర్వర్లకు ఎక్కించడం నాకు నచ్చదు. పెయింట్‌లో రెండు నిమిషాలు ఎక్కువ పడితే పడనివ్వండి.

చిన్న చిన్నవి కొన్ని ఒకే గుక్కలో: పొరపాటున మూసేసిన ట్యాబ్ తిరిగి రావాలంటే కంట్రోల్, షిఫ్ట్, టీ. ముప్పై పేజీల నోటిఫికేషన్‌లో ‘వయోపరిమితి’ వెతకాలంటే కంట్రోల్, ఎఫ్. పెద్దాయనకు అక్షరాలు కనిపించకపోతే కంట్రోల్ పట్టుకుని ప్లస్. ప్రింటు ఇచ్చేముందు ఎన్ని పేజీలో చూసి, కావలసినవే ‘2-3’ అని కొట్టాలి. కాగితం మీద ఇప్పుడే వద్దంటే ప్రింటర్ పేరు ఉన్నచోట ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకోవాలి.

అచ్చు పేజీలోంచి తెలుగు అక్షరాలు తీసుకోవడం తెలిస్తే మీ సహోద్యోగులు ఆశ్చర్యపోతారు. పేజీని ఫోన్‌తో నిటారుగా, వెలుతురులో ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించండి. కంప్యూటర్‌లో దాని మీద కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ అంటే, బొమ్మ కింద ఆ పేజీలోని మాటలు టైపు అయి కనిపిస్తాయి. పాత లెటర్ ప్రెస్ అచ్చయితే తప్పులు బాగానే దొర్లుతాయి, ఒత్తులు తారుమారవుతాయి. ప్రూఫు చూడకుండా ఎక్కడా వాడొద్దు.

అందరూ వాడే కంప్యూటర్ దగ్గర

దీన్ని విడిగా చెప్పడానికి కారణముంది. మిగతా చిట్కాలు తెలియకపోతే సమయం పోతుంది, ఇది తెలియకపోతే పాఠకుడి డబ్బు పోతుంది.

పాఠకులు వాడే కంప్యూటర్‌లో క్రోమ్ అయినా ఎడ్జ్ అయినా కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ప్రైవేటు కిటికీ తెరిచి ఇవ్వడం అలవాటు చేసుకోండి. ఆ కిటికీలన్నీ మూసేస్తే లాగిన్లు, చూసిన పేజీల చరిత్ర పోతాయి. కానీ డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు పోవు. మీ లైబ్రరీ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఇప్పుడే తెరిచి చూడండి. ఎవరెవరి ఆధార్‌లు, మార్కుల జాబితాలు, కుల ధృవీకరణ పత్రాలు ఉన్నాయో! రోజూ మూసేముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయడం ఒకరి బాధ్యతగా రాసిపెట్టండి.

వాట్సాప్ వెబ్ తెరిచి ప్రింటు తీసుకున్నవాళ్లు లాగౌట్ కాకుండా వెళ్లిపోతారు. వెళ్లాక గుర్తొచ్చినా ఫర్వాలేదు, వాళ్ల ఫోన్‌లోనే వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’లోకి వెళ్లి ఆ కంప్యూటర్ పేరు మీద నొక్కి లాగౌట్ చేయవచ్చు. ఈ మాట కంప్యూటర్ పక్క గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

మనం చేయకూడనివి కూడా ఒక కార్డు మీద ఉండాలి. ఓటీపీ, యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ మనం టైపు చేయం. పెద్దావిడ ఫోన్ మన చేతిలో పెట్టి ‘‘నాకు కనపడదు నాయనా, నువ్వే కొట్టు’’ అంటుంది. మనసు ఒప్పుకోకపోయినా, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చి ఆవిడతోనే కొట్టించాలి. రేపు ఆ ఖాతాలో ఏ తేడా వచ్చినా వేలు మన వైపే చూపిస్తారన్నది ఒక కారణం, తన పిన్ తన దగ్గరే ఉంచుకోవడం ఆవిడకు అలవాటు కావాలన్నది అసలు కారణం. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని, పోవడానికే కావాలని చెప్పండి. ఆ ఒక్క మాట తెలియక మోసపోయినవాళ్లు ఉన్నారు. ఇప్పటికే డబ్బు పోయిందని వచ్చినవాళ్లకు ఓదార్పు తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయించండి. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు అది. ఎంత త్వరగా చేస్తే సొమ్ము మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఒక్కరే ఉన్న శాఖలో

‘నలుగురు’ అని రాస్తూ పోయాను గానీ, చాలా శాఖల్లో లైబ్రేరియన్, అటెండర్, కొన్నిసార్లు స్వీపర్ పనీ ఒకే మనిషిది. పక్క మండలంలో అలాంటి మరొకరితో జత కట్టండి. నోటు పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్నలు వారానికి ఒకసారి ఫోన్‌లో చెప్పుకోండి, కార్డు ఫొటో తీసి పంపుకోండి. జిల్లా గ్రంథాలయ సంస్థలో సమావేశానికి వెళ్లినప్పుడు మీ కార్డులు వెంట తీసుకెళ్లి, ఇంకొకరివి నకలు చేసుకుని రండి. సంస్థ వాళ్లు ఒప్పుకుంటే ఆ సమావేశంలో పది నిమిషాలు చిట్కాలకు అడగండి.

మీ హాల్లోనే కూర్చున్న గురువులనూ మరిచిపోకండి. గ్రూప్-2కో, డీఎస్సీకో చదువుకుంటున్న పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటారు. దరఖాస్తు వెబ్‌సైట్ల మెలికలు వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియవు. ‘‘తమ్ముడూ, ఇదెలా చేశావు? ఒకసారి నా చేత చేయించు’’ అని అడిగితే సంతోషంగా చెబుతారు. అయితే కార్డు మీద రాసేముందు మీరు సరిచూడాలి. పిల్లలు చెప్పే చిట్కాల్లో దొంగ పీడీఎఫ్ పుస్తకాల సైట్లూ ఉంటాయి, అవి మన డ్రాయర్‌లోకి రాకూడదు. వాటి బదులు ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో నమోదు చేయించండి.

నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ముగ్గుల పోటీ, వ్యాసరచన ఎలాగూ ఉంటాయి. ఒక పూట ‘మీ ఫోన్ ప్రశ్న తీసుకురండి’ అని బోర్డు పెట్టండి. డ్రాయర్ బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే, ఏ కార్డు పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆ ఒక్క పూటలో తేలిపోతుంది.

మూణ్ణెల్లకోసారి ఏరివేత

చిరిగిన పుస్తకాలు తీసేసినట్టే కార్డులూ తీసేయాలి. కీబోర్డు చిట్కాలు ఏళ్ల తరబడి బతుకుతాయి, కంట్రోల్, ఎఫ్ ఇంకా చాలాకాలం ఉంటుంది. వెబ్‌సైట్ల మెనూలు అలా కాదు. దరఖాస్తు పేజీలో నీలం బటన్ ఆకుపచ్చదై ఇంకో మూలకు పోతుంది. అందుకే కార్డు అడుగున తేదీ. మూణ్ణెల్లకోసారి డ్రాయర్‌లోని వెబ్‌సైట్ కార్డులన్నీ సిబ్బందికి పంచి, ఎవరు రాసినవి వాళ్లకు కాకుండా, చేసి చూడమనండి. పనిచేస్తే కొత్త తేదీ వేయాలి. పనిచేయకపోతే సరిదిద్దాలి, లేదా చించేయాలి. ‘ఎప్పుడైనా పనికొస్తుందేమో’ అని దాచకండి. పనిచేయని కార్డు ఒక్కటి పాఠకుడి ముందు బయటపడితే సిబ్బంది మొత్తం డ్రాయర్‌ను నమ్మడం మానేస్తారు.

కార్డుల ఫొటోలు లైబ్రరీ పేరుతో తెరిచిన జీమెయిల్ ఖాతా డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచండి. ఎవరి సొంత ఖాతాలోనూ కాదు.

బదిలీ వచ్చినప్పుడు

చార్జి అప్పగించేటప్పుడు తాళంచెవులు, అక్సెషన్ రిజిస్టర్, స్టాకు, ఫర్నిచర్ అన్నీ జాబితా రాసి సంతకాలు పెట్టుకుంటాం. ఆ జాబితాలో ఇంకో మూడు వరుసలు చేర్చండి: చిట్కాల డ్రాయర్, లైబ్రరీ ఖాతాలు, వాటి రికవరీ ఫోన్ నంబరు. మూడోది అందరూ మరిచిపోయేదే. లైబ్రరీ జీమెయిల్‌కు పాత లైబ్రేరియన్ సొంత నంబరే రికవరీ నంబరుగా ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఖాతా తెరుచుకోక కోడ్ అడిగితే అది రెండు జిల్లాల అవతల ఉన్న ఆయన ఫోన్‌కు పోతుంది. ఆయన ఈలోగా నంబరు మార్చేసి ఉంటే ఆ ఖాతా మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని సంతకాల రోజునే వచ్చేవారూ వెళ్లేవారూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్, రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మార్చాలి. ఒకసారి లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి చూడాలి. మౌస్ వచ్చేవారి చేతిలో ఉండాలి.